ఆఫ్రికా దున్న వేటకు ముందు

దున్న వేటకు వెళ్తున్నానని చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీకిదేం పోయేకాలం?" అని. రెండో ప్రశ్న, "ఎంతవుతుందిట?" అని. మొదటిదానికి ఏదో జవాబు చెప్పాను. రెండోదానికి ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు. ఆ డబ్బుతో ఓ మోస్తరు పాత కారు కొనుక్కోవచ్చునని మాత్రం అన్నాను.

జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల గనుల్లో పనిచేస్తూ పద్ధెనిమిదేళ్ళు గడిపాను. ఇన్నేళ్ళలో సింహాల్నీ ఏనుగుల్నీ చూడకపోలేదు. సెలవులకు పిల్లల్ని కారులో ఎక్కించుకొని క్రూగర్ పార్కుకు పోయి, అద్దాలు దించకుండా చూసి రావటం ఇక్కడ అందరూ చేసేదే. ఇప్పుడు వెళ్తున్నది అలాంటి షికారు కాదు. జింబాబ్వే ఉత్తరపు అంచున, జాంబెజీ లోయలో, దాండే అనే అడవిలో పది రోజులు కాలినడకన తిరగాలి. ఒక ముసలి దున్నపోతు జాడ పట్టాలి. దానికి ఏభై అరవై గజాల దూరంలో నిలబడి తుపాకి ఎత్తాలి. సోమవారం బయలుదేరుతున్నాం. వెళ్ళకముందే ఈ నాలుగు ముక్కలూ రాయటానికి కారణం వుంది. వెళ్ళివచ్చినవాడు రాస్తే తన ప్రతాపం రాస్తాడు. నాకింకా ప్రతాపమంటూ లేదు గనుక నిజం రాసే వీలుంది.

'సఫారీ' అనే మాట తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషది. అరబ్బీ నుంచి వచ్చింది. హైదరాబాదు వాళ్ళకు ఇది కొత్త మాటేమీ కాదు. వాళ్ళ 'సఫర్', ఈ 'సఫారీ' ఒక తల్లి బిడ్డలే. ప్రయాణం అని అర్థం. తుపాకులూ, సోలా టోపీలూ, వెనకాల వరసగా మూటలు మోసే కూలీలూ తరవాత వచ్చి చేరారు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టూ, ఆయన కొడుకూ మ్యూజియంకోసమని బయలుదేరి అయిదువందల పైచిలుకు జంతువుల్ని కొట్టారు. ఆ కాలం పోయింది. కెన్యాలో 1977లోనే వేట నిషేధించారు. బోట్స్వానాలో 2014లో ఆపి, 2019లో మళ్ళీ అనుమతించారు. జింబాబ్వే, జాంబియా, టాంజానియా, నమీబియా, దక్షిణాఫ్రికాల్లో లైసెన్సు మీద, లెక్క ప్రకారం సాగుతున్నది. 2015లో జింబాబ్వేలోని హ్వాంగే పార్కు పక్కన సెసిల్ అనే సింహాన్ని ఒక విదేశీ వేటగాడు బాణంతో కొట్టినప్పుడు ప్రపంచమంతా గోలెత్తిపోయింది. చాలామంది ఆ సింహం పేరునూ, అందాన్నీ తలుచుకొని బాధపడ్డారు. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి: బాణం తగిలాక అది వెంటనే చావలేదు. గాయంతో గంటల తరబడి వుంది.

మన దేశంలో 1972 నాటి చట్టంతో వేటకు తలుపు మూశారు. మూయవలసిందే. మరి ఇక్కడ ఎందుకు మూయలేదని అడిగితే దానికొక వాదం వుంది. జింబాబ్వేలో 1980ల చివర 'కాంప్‌ఫైర్' అనే పథకం పెట్టారు. వేటగాళ్ళు కట్టే సొమ్ములో కొంత భాగం అడవి అంచు పల్లెలకు చెందాలని దాని ఏర్పాటు. చెందవలసినంతా చెందుతున్నదా అంటే, లేదని ఫిర్యాదులు వస్తూనే వున్నాయి. కాని ఏడాది తిండిగింజల్ని ఒక్క రాత్రిలో ఏనుగులు తొక్కేసి పోయే చోట, ఆ ఏనుగువల్ల దమ్మిడీ రాకపోతే ఆ ఊరివాడు దాన్ని ఎందుకు బతకనిస్తాడు? ఈ తగువు తీర్చటం నా వల్ల కాదు. నేను వెళ్తున్నది పల్లెల్ని ఉద్ధరించటానికని చెప్పుకుంటే అంతకన్నా అబద్ధం లేదు. కొమ్ముల మీద కూడా నాకు మోజు లేదు. అవి ఇంటికి తెస్తే తాను పుట్టింటికి పోతానని మా ఆవిడ ముందే చెప్పింది. మాంసం అంతకన్నా కాదు. పచ్చి దున్నమాంసం సరిహద్దు దాటి తీసుకురానివ్వరు, పశువులకు గాళ్ళు వస్తుందని. అదంతా అక్కడి పల్లెవాళ్ళూ, శిబిరంలో వాళ్ళూ పంచుకుంటారు. మరి ఎందుకు వెళ్తున్నట్టు? అక్కడికే వస్తున్నాను.

నా చేత ఈ పని చేయిస్తున్నవాడు ఒక పెద్దమనిషి. గనిలో నాకు పై అధికారిగా వుండి రిటైరయినవాడు, డెబ్భై దాటినవాడు. ఆయనది ఆఫ్రికాన్స్ భాష. వాళ్ళలో పెద్దవాళ్ళను పేరుపెట్టి పిలవరు, 'ఊమ్' అంటారు. మనం బాబాయి అన్నట్టే. నేనూ ఊమ్ అనే అంటాను. ఆయన కుర్రతనంనుంచీ వేటాడినవాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక తుపాకి దించేశాడు. నా వెంట శిబిరందాకా వస్తాడు, నిప్పు దగ్గర కూర్చుంటాడు, అంతే.

ఊమ్ ఒప్పుకోగానే నేను చేసిన పని పుస్తకాలు తెప్పించుకోవటం. నెల తిరక్కుండా తుపాకుల చరిత్రంతా కంఠతా వచ్చింది. .375 రకం 1912లో పుట్టిందనీ, దున్నకు అంతకంటే చిన్నది పట్టుకుపోవటం మర్యాద కాదనీ, తూటా బరువు 300 గ్రెయిన్లు వుండాలనీ ఏకరువు పెట్టాను. ఊమ్ అంతా విన్నాడు. "బాగుంది. ఇంతకీ దున్నకు గుండెకాయ ఎక్కడుంటుంది?" అన్నాడు.

మనవాళ్ళు దుప్పుల్ని కొట్టిన రోజుల్లో భుజం వెనక కొట్టేవాళ్ళు. ఆ అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. దున్నకు గుండే, ఊపిరితిత్తులూ ముందుకాళ్ళ మధ్యకు, ఇంకా కిందికి వుంటాయి. పక్కగా నిలబడినప్పుడు ముందుకాలు వెంట కంటితో పైకి గీత గీసుకొని, వొంటి ఎత్తును మూడు భాగాలు చేసి, కిందినుంచి మొదటి భాగం ముగిసేచోట కొట్టాలి. ఎదురుగా తలెత్తి చూస్తున్నప్పుడు నుదుటికి గురిపెట్టటం కొత్తవాడి తెలివితక్కువ. కొమ్ముల మొదళ్ళు రెండూ నుదుటి మీద కలిసిపోయి బండలా వుంటాయి. ఆ బండే దాని వయసు కూడా చెబుతుంది. పడుచుపోతుకు అది ఇంకా గట్టిపడదు, నడుమ వెంట్రుకలు కనిపిస్తాయి. దాని జోలికి పోగూడదు. మంద వదిలేసి, ఇద్దరు ముగ్గురు చేరి, మన రచ్చబండ మీది ముసలాళ్ళలా రోజంతా బురదలో కాలక్షేపం చేసే పోతులుంటాయి. వాటిని ఇక్కడ 'దగ్గా బాయిస్' అంటారు. దగ్గా అంటే బురద. మా వేట వాటికోసం. ఆ ముసలాళ్ళకు ఆరేడువందల కిలోల బరువూ, చెడ్డ కోపమూ వుంటాయి.

ఇక గురి సంగతి. ప్రిటోరియా అవతల ఒక షూటింగ్ రేంజికి ఊమ్ నన్ను ప్రతి శనివారం తీసుకుపోయేవాడు. అడవిలో బల్ల వేసుకొని, దాని మీద మోచేతులానించి కాల్చేది వుండదు. మూడు కర్రల్ని పైన ఒకచోట కట్టిన ముక్కాలి వుంటుంది. జాడ పట్టేవాడు దాన్ని మన ముందు పాతినట్టు నిలబెడతాడు. దాని మీద తుపాకి ఆనించి, నిలబడి, నాలుగయిదు క్షణాల్లో కాల్చాలి. మొదటి శనివారం నాలుగు తూటాలు కాల్చాను. ప్రతిదీ భుజాన్ని గాడిదలా తన్నింది. అట్టమీద గీసిన దున్నకు నాలుగూ తగిలాయి, కాని నాలుగూ నాలుగు ఊళ్ళలో. అయిదో తూటా ఊమ్ స్వయంగా ఎక్కించి ఇచ్చాడు. మీట నొక్కాను. 'టిక్' మన్నది తప్ప పేలలేదు. ఎక్కించింది మందులేని ఉత్తి తూటా! పేలని తుపాకికి మూతి మాత్రం బెత్తెడు కిందికి వంగింది. చప్పుడుకూ తన్నుకూ భయపడి నేనే ముందుగా కళ్ళు మూసుకొని వంచేశానన్నమాట.

ఊమ్ నవ్వలేదు. "ఇప్పుడు నువ్వు దాని కాలు విరగ్గొట్టావు," అన్నాడు. "అది ముళ్ళపొదలోకి పోయింది. సాయంత్రం కావస్తున్నది. ఏం చేస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చేదాకా కారులో మేం మాట్లాడుకోలేదు.

ఆ రోజునుంచీ మా పెరడు అడవి అయింది. మూడు వెదురుకర్రలు కట్టి, వాటిమీద ఇల్లు తుడిచే కర్ర ఆనించి, ఉదయం ఏభైసార్లు, సాయంత్రం ఏభైసార్లు. గోడమీది బల్లి, గుడ్డలు ఆరేసిన తీగ, పక్కింటివారి కుక్క అన్నీ నాకు దున్నలే. పక్కింటాయన గోడమీంచి చూసి, మా ఆవిణ్ణి ఏకాంతంగా ఏదో అడిగాడట. ఆమె ఏం చెప్పిందో నాకు చెప్పదు. పన్నెండు శనివారాలు గడిచేసరికి ఉలికిపాటు పోయింది. ఊమ్ ఇప్పటికీ మధ్యమధ్య ఉత్తి తూటా పెడుతూనే వున్నాడు. మూతి కదలటం లేదు. మీరెవరైనా ఇటువంటి ప్రయాణం తలపెడితే, పెద్ద తుపాకి కొనే డబ్బు దాచుకొని, ఇలా మోసం చేసే ఒక ముసలాయన్ని వెతుక్కోండి. తుపాకి శిబిరంలోనే అద్దెకిస్తారు; సరిహద్దు దగ్గర కాగితాల బాధ కూడా తప్పుతుంది.

నడక గురించి. జొహానెస్‌బర్గ్ సముద్రమట్టానికి దాదాపు 1,750 మీటర్ల ఎత్తున వుంది. ఎప్పుడూ చల్లగా వుండి మనిషిని చెడగొట్టే ఊరు. జాంబెజీ లోయ నాలుగయిదు వందల మీటర్ల ఎత్తులో, గుంటలో వున్నట్టుంటుంది. సెప్టెంబరులో ఆకులు రాలిపోయి చూపు ఆనుతుంది, మడుగులు తగ్గి జంతువులు ఉన్న నీళ్ళ దగ్గరికే వస్తాయి. వేటకు మంచి కాలమే. కాని ఎండ మన రామగుండం ఎండే. అక్టోబరుకు ఇక్కడివాళ్ళు పెట్టిన పేరు 'ఆత్మహత్యల నెల'. రోజుకు పది పదిహేను కిలోమీటర్లు నడవాలి గనుక నేను మూడు నెలలుగా రోజూ తెల్లవారుజామున పాత గని తవ్వి పోసిన మట్టిగుట్టల చుట్టూ నడుస్తున్నాను. బూట్లు కొత్తవి కొని, ఇప్పటికే పాతవి చేశాను. కొత్త బూట్లతో వెళ్ళినవాడికి రెండోరోజున దున్న సంగతి గుర్తుండదు, మడమ సంగతే.

సామాను పెద్దగా అక్కర్లేదు. గుడ్డలు శిబిరంలో ఏ రోజుకారోజు ఉతికిపెడతారు, మూడు జతలు చాలు. ఖాకీయో, ఆకుపచ్చో వుండాలి. నీలమూ నలుపూ తగవు. ఆ లోయలో సెట్సీ ఈగలున్నాయి, వాటికి ఆ రంగులంటే ప్రాణం, బట్టమీంచే కుడతాయి. సైనికుల మచ్చల బట్టలు జింబాబ్వేలో మామూలు మనుషులు తొడిగితే నేరం. మలేరియా మాత్రలు బయలుదేరకముందునుంచే మింగాలి. ముళ్ళలో పాకవలసి వస్తుంది గనుక చేతులకు తోలు తొడుగులు వుంటే మంచిది. తిండికి లోటుండదు. అక్కడి 'సద్జ' మొక్కజొన్న పిండితో చేసేదే, మన సంకటికి చెల్లెలు. మా ఆవిడ మనసు మార్చుకోలేదు గాని ఆవకాయ సీసా మాత్రం సంచీలో పెట్టింది.

అడవిలో మనల్ని నడిపించేవాడు లైసెన్సున్న వేటగాడు. జింబాబ్వేలో ఆ లైసెన్సు తేలిగ్గా రాదు. పరీక్షలు రాసి, ఏళ్ళ తరబడి ఇంకొకరి కింద పనిచేసి, చివరకు అడవిలో పెద్దల ముందు నెగ్గాలి. అంతకంటే గొప్పవాళ్ళు జాడ పట్టేవాళ్ళు. ఎండుగడ్డి ఒంగిన తీరు చూసి దున్న ఎంతసేపటి క్రితం పోయిందో చెబుతారట. చిన్న గుడ్డసంచీలో బూడిద పెట్టుకొని, విదిలించి, గాలి వాటం చూస్తూ నడుస్తారు. "నువ్వు మాత్రం జాడ చూడకు," అని ఊమ్ హెచ్చరిక. "కిందికి చూడటానికి వాళ్ళున్నారు. నువ్వు ముందుకు చూడు. ముందు కనబడేది దున్న కాదు. దాని చెవి, తోక, లేకపోతే దాని వీపుమీద గోమార్లు ఏరుకుతినే పిట్ట. ఆ పిట్ట అరుస్తూ లేచిందా, ఆ పూట వేట అయిపోయినట్టే."

ఆ వేటగాడి ఒప్పందపు కాగితంలో ఒక షరతు వుంది. ఒక్క చుక్క రక్తం నేలమీద పడితే చాలు, జంతువు దొరికినా దొరక్కపోయినా దాని సొమ్ము పూర్తిగా కట్టవలసిందే. మా ఆవిడ ఇది చదివి, "ఇదెక్కడి అన్యాయం? దొరకనిదానికి డబ్బేమిటి?" అన్నది. నాకు మాత్రం మా తాతయ్య గుర్తొచ్చాడు.

మాది ఇల్లందు అవతల అడవి పక్క పల్లె. తాతయ్యకు ఒక నాటుతుపాకి వుండేది. నేను చిన్నవాడిగా వున్నప్పుడు ఏటా సంక్రాంతికి ముందు ఒక బస్తా వడ్లు బండిలో వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, అడవిలో వున్న ఒక గూడేనికి తోలుకుపోయేవాడు. అక్కడొక ఇంటి ముందు బండి ఆపి బస్తా తానే దించేవాడు. ఆ ఇంటి ముసలమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఇద్దరూ మాట్లాడుకున్నది నేను ఎప్పుడూ వినలేదు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చేది. ఆయన తాగి, నాకు ఇచ్చి, బండి మళ్ళించేవాడు. ఏదో అప్పు కాబోలు అనుకునేవాణ్ణి.

అప్పే. తాతయ్య పోయిన తరవాత మా నాన్న చెప్పాడు. నేను పుట్టకముందు ఒక ఎండాకాలం, తాతయ్య చెలమ దగ్గర మంచె మీద కూర్చొని, మునిమాపు వేళ ఒక అడవిదున్నను కొట్టాడు. తగిలింది. అది వెదుళ్ళలో పడి పోయింది. చీకటిపడింది, రేపు చూద్దాంలే అని ఇంటికి వచ్చేశాడు. తెల్లవారకముందే ఇప్పపూలు ఏరుకోవటానికి ఆ గూడెం మనిషి ఒకడు ఆ వెదుళ్ళ పక్కగా పోయాడు. తాతయ్య మనుషుల్ని వెంటబెట్టుకొని వెళ్ళేసరికి ఆ దున్నా వున్నది, ఆ మనిషీ వున్నాడు. ఇద్దరికీ ప్రాణం లేదు. ఆ తుపాకిని తాతయ్య మళ్ళీ ముట్టలేదు. పోలీసుఠాణాలో అప్పగించి వచ్చాడట. వడ్లబస్తా మాత్రం ఆమె బతికున్నన్నాళ్ళూ ఆపలేదు.

ఊమ్ ఆ శనివారం అడిగిన ప్రశ్న ఇదే. ఆయనకు మా తాతయ్య సంగతి తెలియదు. మరుసటి వారం చెప్పాను. చాలాసేపు పైపు వెలిగించుకుంటూ కూర్చొని, "అయితే నువ్వు దున్నకోసం పోవటంలేదు," అన్నాడు.

అంతే కాబోలు. సాయంత్రం చీకటిపడుతున్నప్పుడు, భయం గొంతుకు అడ్డుపడినప్పుడు, మా ఇంటి మగవాడు వెదుళ్ళలోకి పోగలడా, లేక ఇంటికి వచ్చేస్తాడా అన్నది నాకు తెలియాలి. "అది తెలుసుకోవటానికి పాపం ఒక దున్న ప్రాణం కావాలా?" అని మా ఆవిడ అడిగింది. ఇది ఆమె మూడో ప్రశ్న. దీనికి నిజంగానే జవాబు దొరకలేదు. ఆ ముసలిపోతు కొమ్ములరిగి, పళ్ళరిగి, రేపో మాపో సింహాల నోట పడేదేననే మాట పుస్తకాల్లో వుంది. ఆ మాట ఆమె ముందు అనబోయి మానుకున్నాను.

వేటగాడికి మాత్రం జాబు రాశాను: గాయపడి పొదలోకి పోతే మీ వెంట నన్ను రానిస్తారా అని. రెండు రోజులకు జవాబు వచ్చింది. గాయపడినదాన్ని వదిలి తాను శిబిరానికి రాడట. అది చట్టమూ తన వృత్తీ. నేను వెంట రావాలా, చెట్టుకింద ఆగాలా అన్నది ఆ క్షణాన తాను నా ముఖం చూసి నిర్ణయిస్తాడట. మొదటి తూటాతో పని అయిందనుకోకుండా, అది పడేదాకా కాలుస్తూనే వుండాలనీ, పడిన తరవాత కూడా వెనకనుంచి పోయి, కర్రతో కంటిని తాకి చూసేదాకా చచ్చిందని నమ్మవద్దనీ రాశాడు. చివర ఒక వాక్యం: ఈ ప్రశ్న రాకుండా కాల్చటం మీ చేతుల్లో వుంది.

ఊమ్ నిన్న ఆఖరి పాఠం చెప్పాడు. ఇది ఎవరూ చెప్పరు గనుక రాస్తున్నాను. ముక్కాలి పెట్టి, తుపాకి ఆనించి, దున్న ఎదురుగా నిలబడి, వేటగాడు చెవిలో 'కొట్టు' అన్న తరవాత కూడా, మనకు రవ్వంత అనుమానం వుంటే తుపాకి దించుకోవచ్చు. పది రోజుల నడక, అంత డబ్బు, అందరి కళ్ళూ మన మీద వుంటాయి. వాటన్నిటి మధ్య దించుకోవటం చాలా కష్టమట. "నా జీవితంలో మూడుసార్లు దించుకోవలసింది," అన్నాడు ఊమ్. "రెండుసార్లు దించుకున్నాను." మూడోది ఏమైందని నేను అడగలేదు. ఆయన మోకాలు తడుముకుంటున్నాడు.

ఇవాళ సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి. వేట అని చెప్పటానికి నోరు రాలేదు. అడవి చూడటానికి పోతున్నానన్నాను.

"ఏముంటాయిరా అక్కడ?" అన్నది.

"ఏనుగులు, సింహాలు. దున్నలు."

అవతల కాసేపు చప్పుడు లేదు. ఫోన్ తెగిపోయిందేమో అనుకున్నాను.

"చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్," అన్నది.

సరేనమ్మా అన్నాను. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి ఊమ్ కారు వస్తుంది. లింపోపో నది దాటి, హరారే మీదుగా రెండు రోజుల ప్రయాణం. బూట్లు తుడిచి గుమ్మం పక్కన పెట్టాను.